పాత కొట్టుకు కొత్త వాడుక: గంజాం తీరంలో వ్యాపార భవనాలు నిలిచేదెలా, కూలేదెలా

క్లుప్తంగా: ఒడిశాలోని గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ రేవు గోదాములు సరుకుతోపాటే పోయాయి. బరంపురం పెద్దబజారు మేడలు వాడుకలు మార్చుకుంటూ రాబట్టి ఇంకా నిలిచి ఉన్నాయి. అయితే మారిన ప్రతి వాడుకా భవనం మీద కొత్త బరువో, కొత్త తేమో మోపుతుంది, లేదా ఎక్కడో ఒక గోడ తీసేస్తుంది. హెరిటేజ్ జాబితాలు చాలామట్టుకు వీధి వైపు ముఖాన్ని చూస్తాయి. దెబ్బ తగిలేది మాత్రం పై అంతస్తు దూలానికి, గోడ అడుగుకి, కప్పు అంచుకి.

## ముందు, ఏ జాబితా?

‘హెరిటేజ్ బిల్డింగ్’ అన్న మాట వినగానే ఇక మేకు కూడా కొట్టనివ్వరని భయపడే యజమానులున్నారు. ఆ మాట పడ్డాక ఎవరూ కూల్చలేరని ధీమా పడే ఊరివాళ్లూ ఉన్నారు. ఇద్దరి లెక్కా తప్పడానికి కారణం ఒకటే: జాబితాలు నాలుగు రకాలు, వాటి బలం నాలుగు రకాలు.

మొదటిది కేంద్రానిది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద కనీసం 100 ఏళ్ల వయసుండి, జాతీయ ప్రాధాన్యం ఉందని ప్రకటించిన కట్టడాలు ఇందులోకి వస్తాయి. 2010 సవరణ తరవాత వీటి చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. గంజాం జిల్లాలో జౌగడ అశోక శాసనం ఈ కోవలోది. బజారు కొట్టు ఈ జాబితాలోకి రావడం చాలా అరుదు.

రెండోది రాష్ట్రానిది. ఒడిశాకు 1956 నుంచే సొంత ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం ఉంది. దీని కింద కూడా గుళ్లు, కోటలదే పైచేయి.

మూడోది ఇన్‌టాక్ (భారత కళా, సాంస్కృతిక వారసత్వ జాతీయ ట్రస్టు) సర్వే జాబితా. 1984లో ఏర్పడిన ఈ సంస్థ ఊరూరా తిరిగి పాత ఇళ్లు, కొట్లు, సత్రాలు, వంతెనలు నమోదు చేస్తుంది. పత్రికల్లో ‘హెరిటేజ్ జాబితాలో ఉన్న భవనం’ అని కనిపించినప్పుడు చాలాసార్లు అది ఇదే. సమాచారంగా దీనికి మంచి విలువ ఉంది, చట్టబలం మాత్రం లేదు. యజమాని రేపు పొద్దున్నే కూలగొట్టినా ఈ జాబితా పేరు చెప్పి కేసు పెట్టడానికి సెక్షను దొరకదు.

నాలుగోది స్థానిక భవన నిబంధనల కింద వచ్చే జాబితా. బజారు భవనానికి నిజంగా పనికొచ్చేది ఇదే. ముంబయిలో 1995లో ఇలాంటి నిబంధనలు వచ్చాయి, దేశంలో మొదటివి అవే. కేంద్రం 2016లో విడుదల చేసిన నమూనా భవన నిబంధనలు కూడా ఆ బాటనే మూడు గ్రేడులు చెప్పాయి. గ్రేడు 1 అయితే భవనం నిలవడానికి తప్పనిసరైన పని తప్ప లోపలా బయటా ఏదీ ముట్టకూడదు. గ్రేడు 2 అయితే లోపల మార్పులు, వాడుక మార్పు పరిశీలన మీద ఒప్పుకుంటారు. గ్రేడు 3లో ఇంకాస్త వెసులుబాటు. పేరులోనే ఉన్నట్టు అవి నమూనాలు. రాష్ట్రమో, పట్టణాభివృద్ధి సంస్థో తన నిబంధనల్లో చేర్చుకుని, పేరుపేరునా భవనాలు ప్రకటించాకే వాటికి ప్రాణం వస్తుంది.

కాబట్టి ‘ఇది హెరిటేజ్’ అని ఎవరన్నా అన్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ జాబితాలో అని, రెండోది ఏ గ్రేడులో అని. ఈ రెండూ తేలకుండా జరిగే చర్చ చాలావరకు వృథా.

## రేవు పోయాక ఏం మిగిలింది

గంజాం తీరంలో వ్యాపార కేంద్రం ఒకచోట కుదురుగా ఉండలేదు. 18వ శతాబ్దంలో జిల్లాకు పేరిచ్చిన గంజాం ఊరే, ఋషికుల్య నది ముఖాన, కోటతో రేవుతో వెలిగింది. 1815లో మొదలైన విషజ్వరాలు ఆ ఊరిని ఖాళీ చేయించాయి. కచేరీలు బరంపురానికీ ఛత్రపురానికీ తరలాయి. వ్యాపారం కూడా దక్షిణానికి జరిగి, బరంపురానికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని గోపాల్‌పూర్ చేరింది.

గోపాల్‌పూర్ లోతైన రేవు కాదు. ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేసేది. పలకలను తాడుతో కుట్టిన మసూలా పడవలు అలలు దాటుకుంటూ వెళ్లి బస్తాలనూ మనుషులనూ ఎక్కించి దించేవి. ఈ పద్ధతికి ఒక ఫలితం ఉంది: సముద్రం బాగాలేని రోజుల్లో సరుకు ఒడ్డునే ఆగిపోయేది. అందుకే రేవు చిన్నదైనా గోదాములు పెద్దవి కట్టుకోవాల్సి వచ్చింది. మందపాటి గోడలు, పైన ఎక్కడో చిన్న గాలి కిటికీలు, బండి వెనక్కి తిప్పి ఆనించడానికి వీలైన ఎత్తయిన అరుగులు. ఆ కట్టుబడి అంతా ఒకే పని కోసం పుట్టింది: బస్తా తడవకూడదు, దొంగ దూరకూడదు.

దెబ్బ మీద దెబ్బ వచ్చింది. 1890ల్లో తూర్పు తీర రైలుమార్గం పడగానే మద్రాసుకూ కలకత్తాకూ పోయే సరుకు సముద్రం వదిలి బరంపురం స్టేషను చేరింది. మిగిలిన బలం రంగూన్ స్టీమర్లు. గంజాం, విశాఖ జిల్లాల కూలీలు, చిన్న వ్యాపారులు బర్మాకు ఈ దారినే వెళ్లారు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక ఆ దారీ మూసుకుపోయింది. ఈలోగా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం మద్రాసు నుంచి విడిపోయింది. తెలుగు వ్యాపార కుటుంబాలకు కచేరీ, కోర్టు, లైసెన్సుల దిక్కు మారిపోయింది.

తరవాతి కథ రెండు పాయలు. రేవు గోదాములకు పైనున్న చిన్న గాలి కిటికీలు తప్ప వేరే కిటికీలు లేవు, లోపల గదుల్లేవు, ఇసుక తిన్నెల మీద ఉప్పుగాలికి ఎదురుగా ఉన్నాయి. వాటిని ఇంకో పనికి మార్చడం కన్నా వదిలేయడమే చవక. ఇప్పుడక్కడ మొండి గోడలు, స్తంభాలు మిగిలాయి. అదే ఒడ్డున 1914లో మాగ్లియోని అనే ఇటాలియన్ మొదలుపెట్టిన పామ్ బీచ్ హోటలు ఒబెరాయ్ చేతుల్లోకి వెళ్లి, ఇప్పుడు మేఫెయిర్ గ్రూపు కింద నడుస్తోంది. గాలి అదే, ఉప్పు అదే. ఒకచోట ఏటా సున్నం వేసే మనిషి ఉన్నాడు, ఇంకోచోట లేడు. చిలికా ఒడ్డున రంభలో 18వ శతాబ్దం చివర కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించిన బంగళా కూడా ఖల్లికోట రాజుల చేతుల మీదుగా వచ్చి చివరికి హోటలుగానే బతికింది.

కొత్త గోపాల్‌పూర్ రేవు మళ్లీ మొదలైనా అది పాత ఒడ్డున లేదు, ఉత్తరాన ఆర్జీపల్లి దగ్గర ఉంది. పాత గోదాములకు దానివల్ల ఒక్క బస్తా కూడా రాదు. రేవు తిరిగొస్తే పాత రేవు భవనాలు బాగుపడతాయన్న ఆశ అప్పుడప్పుడూ వినిపిస్తుంది గానీ, సరుకు ఇప్పుడు కంటైనర్లలో, కన్వేయర్ల మీద నడుస్తుంది. ఎత్తరుగు గోదాముకు అందులో చోటు లేదు.

## పెద్దబజారు మేడ ఎలా పనిచేసింది

బరంపురంలో పరిస్థితి వేరు. పట్టునేతకు పేరుపడ్డ ఊరు, తెలుగు మాట్లాడే దేర నేతకారులు, వైశ్య వ్యాపారులు పక్కపక్క వీధుల్లో స్థిరపడ్డ ఊరు. ఇక్కడి పాత కొట్టు ఇల్లు, దుకాణం, గోదాము మూడూ కలిసిన కట్టడం. వీధి వైపు ఇరుకు, వెనక్కి పొడవు. ముందు అరుగు, అరుగు మీద కొట్టు, దాని వెనక సరుకు గది, మధ్యలో వెలుతురు కోసం తెరిచిన వాకిలి, ఆ వెనక వంటిల్లు, నుయ్యి. మేడ మీద కుటుంబం, కొంత తేలిక సరుకు.

ఈ అమరికలో ఒక లెక్క దాగి ఉంది. బియ్యం, బెల్లం, నూనె డబ్బాలు, ఉప్పు వంటి బరువు సరుకంతా నేల మీద. పట్టు నూలు, బట్టల మూటలు, ఖాతా పుస్తకాలు పైన. పాత వ్యాపారికి ఇంజనీరింగ్ పట్టికలు తెలియకపోయినా బరువు ఎక్కడుండాలో తెలుసు. ఆ క్రమం తిరగబడటమే ఇవాళ్టి చాలా పగుళ్లకు మూలం.

వాడుకలు ఒకదాని వెంట ఒకటి మారాయి. రైలు వచ్చాక సరుకు వ్యాపారం స్టేషను దిక్కుకు జరిగితే ఇలాంటి కొట్లలోకి బట్టల షాపులు, బ్యాంకు శాఖలు, అచ్చు యంత్రాలు, లాడ్జీలు వచ్చాయి. ఆ తరవాత జిరాక్సు, కోచింగ్, సెల్‌ఫోను, ఆన్‌లైను సరుకు డెలివరీ గోదాములు. పర్లాకిమిడి వైపు కూడా ఇదే తీరు. 1900లో నౌపడా నుంచి వేసిన, పట్టాల మధ్య రెండడుగుల ఆరంగుళాలే ఉన్న చిన్న రైలు ఆ ఊరి బజారును స్టేషను చుట్టూ తిప్పుకుంది. 2004లో చిన్న రైలు ఆగి, 2011లో పెద్ద గేజి మీద బండ్లు నడిచేలోగా సరుకు లారీలకు అలవాటు పడింది.

## బరువు లెక్క

అంతస్తు మీద ఎంత బరువు ఊహించి కట్టాలన్నది భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగంలో ఉంది. చదరపు మీటరుకు ఇంటి గదికి 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. దుకాణానికి 4, అంటే 400 కిలోలు. నేలకు బిగించిన కుర్చీలు లేని సభామందిరానికి 5. గోదాముకు పేర్చే ప్రతి మీటరు ఎత్తుకు 2.4 చొప్పున, ఎంత తక్కువైనా 7.5; అంటే 750 కిలోల పైమాటే. ఇల్లుగా పనిచేసిన మేడగదిని గోదాముగా మార్చడమంటే దాదాపు నాలుగింతల బరువు అడగడం.

ఇది కాగితం లెక్క అనిపిస్తే కాగితాన్నే తూచి చూడవచ్చు. 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే) ఏ4 కాగితం రీము బరువు సుమారు 2.3 కిలోలు. పది రీముల పెట్టె 23 కిలోలు, నేల మీద ఆక్రమించేది చదరపు మీటరులో ఎనిమిదో వంతు. నాలుగు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెడితే ఆ చోట చదరపు మీటరుకు 700 కిలోలు దాటుతుంది. కింద జిరాక్సు షాపు, పైన కాగితం స్టాకు, అదీ గోడవారగా కాకుండా గది మధ్యలో. పాత దూలం ఎందుకు కుంగిందని అడగక్కర్లేదు. 1000 లీటర్ల నీళ్ల ట్యాంకు కూడా అంతే; అడుగున ఒక చదరపు మీటరు కూడా ఉండదు, బరువు మాత్రం టన్ను.

దీనికి తోడు కప్పు సొంత బరువు. ఈ భవనాల్లో ఎక్కువ వాటికి మద్రాసు టెర్రేసు. సాల్వ దూలాల మీద వాసాలు, వాటిపై సన్నటి టెర్రేసు ఇటుకలు ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో కూర్చిన వరస 75 మిల్లీమీటర్లు, దాని మీద ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు 100, ఆ పైన పలక పెంకులు రెండు వరసలు. మొత్తం 225 మిల్లీమీటర్ల మందం, చదరపు మీటరుకు 400 కిలోల చిల్లర. మేస్త్రి దీన్ని ఉద్దేశించే కట్టాడు, కప్పు మోస్తోంది.

చిక్కు మరమ్మతుతో వస్తుంది. వానకు కారుతోందని పైన 75 మిల్లీమీటర్ల సిమెంటు కాంక్రీటు పోస్తారు. దాని బరువు చదరపు మీటరుకు 180 కిలోలు. ఇంటి గదిలో మనుషులకూ సామానుకూ కలిపి ఊహించిన బరువును దాదాపు అంతా ఒక్క మరమ్మతే తినేసిందన్న మాట. రెండోసారి కారితే మళ్లీ ఇంకో పొర. కారడం ఆగదు, ఎందుకంటే చెక్క కప్పు ఎండావానలకు కదులుతుంది, బిర్రుగా ఉండే సిమెంటు పొర కదలలేక చిట్లుతుంది. చిట్లిన చోట దిగిన నీరు పైకి ఆరిపోయే దారిలేక దూలం చివర చేరుతుంది.

చూడాల్సిందీ అక్కడే. దూలం మధ్యభాగం బయటికి కనబడుతుంది కాబట్టి అందరూ దాన్నే చూస్తారు. కుళ్లేది గోడలో దూరిన చివర 20, 30 సెంటీమీటర్లు. సన్నటి స్క్రూడ్రైవరుతో గోడ అంచున గట్టిగా పొడిస్తే మంచి కర్రలోకి రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు. వేలు లోతు దిగితే చెదలో, కుళ్లో పట్టినట్టు. 3.6 మీటర్ల దూలం మధ్యలో 15 మిల్లీమీటర్లకు మించి కుంగితే బరువు దించి ఆధారం పెట్టాకే మిగతా ఆలోచన. చివర మాత్రమే పోతే దూలమంతా మార్చనక్కర్లేదు. కుళ్లు కోసేసి, ఇరువైపులా తుప్పుపట్టని ఉక్కు పలకలు బోల్టులతో బిగించి, గోడలో రాతి దిమ్మె మీద కూర్చోబెట్టి, చుట్టూ వేలెడు గాలి సందు వదిలితే చాలు. ఆ సందును సిమెంటుతో పూడ్చేస్తే పని మళ్లీ మొదటికి.

ఇంకో రకం కప్పు కూడా తగులుతుంది: ఇనుప గడ్డర్లు లేదా పాత రైలు పట్టాల మధ్య చిన్న ఇటుక కమానులు. ఇందులో ఒక కమాను పక్క కమానును నెడుతూ ఉంటుంది, ఇది దాన్ని తిరిగి నెడుతుంది. మెట్లకో, లిఫ్టుకో మధ్యలో ఒక కమాను కోసేస్తే దాని రెండు పక్కలా ఉన్నవాటికి ఆనిక పోయి గడ్డర్లు పక్కకు జరుగుతాయి. కోయక తప్పనప్పుడు మిగిలిన గడ్డర్లను ముందుగా ఇనుప కడ్డీలతో కట్టి బిగించాలి. కోసిన తరవాత కట్టడం అంటే ఆలస్యమైనట్టే.

## ఉప్పు తాగిన గోడ

గంజాం ఉప్పుకు పేరు. హుమ్మా ఉప్పు మళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒకప్పుడు ఉప్పు కొటారుగానో, ఎండుచేపల గోదాముగానో ఉన్న గోడకు ఒక జ్ఞాపకం ఉంటుంది, అది ఇటుక లోపల ఉంటుంది. సాధారణ ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చుకుని కరుగుతుంది, తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. తీరంలో తేమ ఆ గీతకు అటూ ఇటూ రోజూ ఊగుతుంది. గడ్డకట్టిన ప్రతిసారీ ఉప్పు స్ఫటికం ఇటుక రంధ్రాన్ని లోపలి నుంచి నెట్టి పొడి చేస్తుంది. గోడ కింద పొద్దున్నే ఊడ్చినా సాయంత్రానికి మళ్లీ ఎర్రపొడి కనబడటం ఇందుకే.

డంగు సున్నంతో (ఇసుకతో కలిపి నూరిన సున్నంతో) కట్టి సున్నపు గార పూసిన గోడ ఈ ఉప్పును మెల్లగా బయటికి వదిలేది. గార రాలేది, నాలుగైదేళ్లకు మళ్లీ పూసేవారు. గార పని అదే, రాలిపోయి ఇటుకను కాపాడటం. వాడుక మారి షోరూము వచ్చాక రాలే గోడ ఎవరికి కావాలి? సిమెంటు పూత, పుట్టీ, ప్లాస్టిక్ రంగు. ఆ పూత వెనక తేమ ఆరక పైకి పాకుతుంది. అంతకుముందు మోకాలి ఎత్తున ఉన్న చెమ్మ నడుం ఎత్తు చేరుతుంది. ఏసీ పెడితే ఇంకో మెలిక. తీరంలో ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు లీటరు దాకా నీరు పిండుతుంది. ఆ గొట్టాన్ని వెనక గోడ మీదికి వదిలేయడం బజారంతా కనిపించే అలవాటు. రోజుకు పది గంటలంటే పది లీటర్లు ఒకే చోట.

దిద్దుబాటు ఓపికతో కూడింది. చెమ్మ గీతకు మీటరు పైదాకా సిమెంటు పూత తీసేయాలి. అతుకుల్లో సిమెంటు ఉంటే 20 మిల్లీమీటర్ల లోతు గీకాలి. గోడను వేసవంతా ఆరనివ్వాలి. తరవాత కాగితపు గుజ్జు, బంకమట్టి మంచినీళ్లతో కలిపి 20 మిల్లీమీటర్ల మందాన మెత్తితే, ఆరే క్రమంలో ఉప్పు ఆ ముద్దలోకి వస్తుంది. ఊడదీసి పారేసి మళ్లీ మెత్తాలి. రెండు మూడు విడతలు మామూలే. ఉప్పు తగ్గాక ఒకపాలు సున్నం, మూడుపాళ్లు కడిగిన ఇసుకతో గార. సముద్రపు ఇసుక వాడితే పడ్డ శ్రమంతా వృథా. సున్నం కూడా అప్పుడే తడిపిన పొడి పనికిరాదు, వారాల తరబడి నానిన ముద్ద కావాలి. లోపల తడవని గింజ ఏదన్నా మిగిలితే గార వేశాక అది ఉబ్బి పొక్కుతుంది.

కాంట్రాక్టర్లు ఈ పనికి ఇష్టపడరు. కారణం డబ్బు కన్నా కాలం. సిమెంటు పూత వారంలో అయిపోతుంది, ఇది ఆరు నెలలు పడుతుంది. అద్దె మీటరు తిరుగుతూ ఉన్న కిరాయిదారు ఆరు నెలలు ఆగడు.

## రేకు కప్పు, తుఫాను గాలి

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచింది. ఈ తీరానికి ప్రమాణాల్లో ఊహించిన గాలి వేగమే సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోలు. వాలు కప్పు మీద అందులో పెద్ద భాగం పైకి లాగే బలంగా పనిచేస్తుంది.

మంగళూరు పెంకు కప్పు చదరపు మీటరుకు 35, 40 కిలోలుంటుంది. తుఫానులో పెంకులు ఎగురుతాయి, సందుల్లోంచి గాలి పోతుంది, కింద కర్ర చట్రం చాలాసార్లు మిగులుతుంది. మరునాడు పెంకులు కొని మళ్లీ పరుస్తారు. రేకు బరువు 5 కిలోలే. రేకు ఒకదానికొకటి బిగిసి ఉంటుంది కాబట్టి గాలి సందు దొరక్క మొత్తం కప్పును చట్రంతో సహా లేపుతుంది. పెంకు బరువును నమ్ముకుని గోడ మీద ఊరికే ఆనించిన చట్రం అది. దాన్ని గోడకు కట్టాలన్న అవసరం పాత వడ్రంగికి రాలేదు. కాబట్టి పెంకులు తీసి రేకులు వేయాలనుకుంటే ముందు చట్రాన్ని గోడలోకి కనీసం మీటరు లోతు దిగే కడ్డీలతో కట్టాలి. ‘తేలిక కప్పు, గోడలకు మంచిది’ అన్న మాట సగమే నిజం.

## పలకల తలుపు పోయి షట్టరు వస్తే

పాత కొట్టు ముందు తలుపు ఒక్క ముక్క కాదు. పైనా కిందా గాడి ఉన్న గుమ్మాల్లో నిలువు పలకలు ఒక్కొక్కటిగా దూర్చేవారు. ఏ పలక ఏ చోటన్నది తెలియడానికి వాటి మీద అంకెలు చెక్కి ఉండేవి, కొన్నిటి మీద తెలుగు అంకెలు. ఆ గుమ్మాల మధ్య కర్ర స్తంభాలు పై గోడను మోసేవి. ఒక్కో ఖాళీ ఐదడుగులకు మించేది కాదు.

రోలింగు షట్టరుకు పది, పన్నెండడుగుల ఖాళీ కావాలి. మధ్య స్తంభాలు రెండు కోసేసి పైన ఒక ఐ-బీము దూరుస్తారు. చేయకూడని పనేమీ కాదు, వరస తప్పితేనే ముప్పు. పై గోడకు అడ్డంగా సూదిదూలాలు (గోడను గుచ్చి తాత్కాలికంగా పెట్టే దూలాలు) దూర్చి రెండువైపులా జాకీల మీద ఎత్తి పట్టాలి. బీము రెండు చివరలా ఆనే చోట ఇటుక పిగిలిపోకుండా కాంక్రీటు దిమ్మెలు పోసి, గట్టిపడేదాకా ఆగాలి. బీము ఎక్కించాక దానికీ పై ఇటుకకూ మధ్య సందును తడి తక్కువ గచ్చుతో కూరి, ఆ తరవాతే స్తంభం కోయాలి. రాత్రికి రాత్రే షట్టరు బిగించే పనిలో ఈ మధ్య మెట్లు ఎగిరిపోతాయి. గోడ కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది, మేడ కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు బయల్దేరుతాయి. ఇంజనీరు ఆ పగులు వంపు చూసే కింద ఏ స్తంభం పోయిందో చెప్పగలడు.

ముఖభాగం మీదే శ్రద్ధ ఉన్న జాబితాకు ఇక్కడ ఒక పని దొరుకుతుంది. అది కూడా షట్టరు కనబడుతుంది కాబట్టే. లోపల గోడ తీస్తే ఎవరూ పట్టించుకోరు.

## అనుమతి కాగితం ఎక్కడ ఆగుతుంది

జాతీయ భవన నియమావళి భవనాలను వాడుకను బట్టి వర్గాలు చేస్తుంది: నివాసం, సభాస్థలం, వ్యాపార కార్యాలయం, దుకాణం, గోదాము ఇలా. వర్గం మారితే కొత్త అనుమతి కావాలి. మేడ మీది నివాసం కోచింగ్ సెంటరైతే మంటలప్పుడు బయటపడే దారి ప్రశ్న వస్తుంది. జనం గుమికూడే చోట మెట్ల వెడల్పు రెండు మీటర్ల దాకా అడుగుతారు. పాత మేడ చెక్కమెట్లు రెండున్నర, మూడు అడుగులు. గోడలు ముట్టొద్దని వారసత్వ నిబంధన, మెట్లు వెడల్పు చేయమని అగ్నిమాపక నిబంధన. ఈ రెంటి మధ్య యజమాని దరఖాస్తే మానేసి, పని కానిచ్చేస్తాడు. చాలా ఊళ్లలో వాడుక మార్పు రికార్డుల్లోకి ఎక్కకపోవడానికి ఇదే పెద్ద కారణం. దారి లేకపోలేదు: వెనక వాకిట్లో విడిగా నిలబడే ఇనుప మెట్లు, పై అంతస్తులో మనుషుల సంఖ్యకు పరిమితి. వాకిలి తెరిచి ఉంచిన భవనాలకే ఇది వీలు. అక్కడ అదనపు గది కట్టేసిన చోట మెట్లకు చోటుండదు.

ఆస్తి తగాదాలు మరో ముడి. ఉమ్మడి ఆస్తిగా మూడు తరాలు దిగిన కొట్టుకు పదిమంది వాటాదారులు. ఒకరు విశాఖలో, ఒకరు హైదరాబాదులో, ఒకరు బరంపురంలోనే. కప్పు మరమ్మతుకు అందరి సంతకం కావాలి, అద్దె మాత్రం ఎవరి వాటా వారికి పోతుంది. అద్దె పాతకాలపుదైతే మరమ్మతు ఖర్చు దానిలోంచి రాదు. మహారాష్ట్ర 1999 అద్దె చట్టం ఏటా 4 శాతం పెంపుకు ఒప్పుకుని, బ్యాంకులనూ కోటి రూపాయలు, ఆ పైన చెల్లించిన వాటా మూలధనం ఉన్న కంపెనీలనూ రక్షణ నుంచి తప్పించింది. దాంతో కనీసం పెద్ద కిరాయిదారున్న పాత భవనానికి మరమ్మతు డబ్బు పుట్టే దారి ఏర్పడింది. చిన్న కొట్లున్న భవనాలకు ఆ ఊరట లేదు.

## వాడుక మార్చేముందు

పని మొదలవ్వాల్సింది కొలతలతో. ప్రతి గోడ మందం, ప్రతి దూలం కొలత, పాత ద్వారాలు పూడ్చిన చోట్లు గీతల్లోకి రావాలి. పగుళ్ల మీద జిప్సం బిళ్ల అతికి తేదీ రాయాలి. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచినా బిళ్ల చిట్లకపోతే ఆ పగులు పాతది, నిద్రపోతోంది. చిట్లితే కింద ఏదో కదులుతోంది, రంగు వేయడం దండగ. పునాది చూడటానికి ఒకటి రెండు చోట్ల గోడవారగా మీటరు గొయ్యి చాలు, వానాకాలంలో మాత్రం తవ్వకూడదు.

తరవాత సరుకు పటం గీయాలి: కొత్త వాడుకలో ఏ బరువు ఎక్కడ కూర్చుంటుంది. బరువైనదంతా నేలకు దించి, మేడ మీద మనుషులనూ తేలిక వస్తువులనూ ఉంచగలిగితే సగం మరమ్మతు తప్పుతుంది. కప్పు మీది సిమెంటు పొరలు మెల్లగా, చేతి ఉలితో తీయించాలి. బ్రేకరు యంత్రం అదురుకు కింది సున్నపు వరస సడలుతుంది. నీళ్ల ట్యాంకును కప్పు మధ్య నుంచి మందపాటి గోడల కూడలి మీదికి జరపాలి, వీలైతే వెనక వాకిట్లో దానికి వేరే స్తంభాలు వేయాలి. ఏసీ నీటికి గొట్టం వేసి మురుగు కాలువ దాకా తీసుకెళ్లాలి. ఈ నాలుగు పనులకూ హెరిటేజ్ కమిటీ అనుమతి సాధారణంగా అడ్డు రాదు, ముఖభాగం దేనివల్లా మారదు. దుకాణం మూయకుండానే చేయించుకోవచ్చు కూడా. కప్పు పని ఒక్కటీ మార్చి నెలకూ మే నెలకూ మధ్యలో పెట్టుకుంటే సరి.